గోంగూర పసుపెక్కితే ముందు బకెట్ వైపు చూడండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగం కోసం వచ్చి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. ఏడో అంతస్తు, ఉత్తరం బాల్కనీ, ఎండ అసలు రాదు. ఇక్కడ కొన్న గోంగూర కట్ట సాయంత్రానికే వాడిపోతోందని ఊరి నుంచి విత్తనాలు తెచ్చి, లోపలి గదిలో ఊదా రంగు గ్రో లైట్ పెట్టి, తొమ్మిది కుండీల్లో వేశాను. అన్నీ 8 అంగుళాల కుండీలు. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) రెండు గుప్పెళ్లు వర్మీకంపోస్ట్ కలిపాను. ఇప్పటికి 26 రోజులు. మొదటి రెండు వారాలు ముద్దుగా పెరిగాయి. తర్వాత పై ఆకులు పసుపెక్కడం మొదలైంది. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కొన్ని మొక్కలకు కింది ఆకుల అంచులు మాడుతున్నాయి. కిటికీ పక్కన పింగాణీ కుండీలో ఉన్న మొక్క సంగతి మాత్రం వేరు, దానికి కింది ఆకులే మొత్తం పసుపై రాలిపోతున్నాయి. మాకు ట్యాంకర్ నీళ్లు, మీటరులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 780 చూపిస్తోంది. వృథా ఎందుకని ఆర్ఓ మెషీన్ నుంచి బయటికి వచ్చే నీళ్లు బకెట్లో పట్టి వాటినే పోస్తున్నాను. పది రోజుల్లో 19:19:19 ఎరువు రెండుసార్లు, ఎప్సమ్ సాల్ట్ ఒకసారి, వేపనూనె ఒకసారి, స్నేహితుడు ఇచ్చిన జీవామృతం ఒకసారి వేశాను. తగ్గలేదు. ఇది చాలదన్నట్టు ఎదురు ఫ్లాట్ ఆంటీ రాత్రిపూట ఊదా వెలుగు, ఆకుల ఆకారం చూసి "ఏం పెంచుతున్నారు మీరు?" అని అదోలా అడిగారు. గంజాయి అనుకుంటున్నారేమోనని అదో టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: ఇవాళ్టి నుంచి ఆ బకెట్ నీళ్లు మొక్కలకు పోయకండి. ఇల్లు తుడవడానికో, బాత్‌రూమ్ కడగడానికో వాడండి. మిగతా సంగతులు ఒక్కొక్కటిగా చెబుతాను. ఈ ఒక్కటీ మాత్రం ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపే చేసేయండి.

ఆర్ఓ మెషీన్ ఉప్పుల్ని మాయం చేయదు. తాగే నీళ్లలోంచి తీసి రెండో పైపులోకి నెడుతుంది. లోపలికి వెళ్లే నీళ్లే 780 ఉంటే, ఆ రెండో పైపు నీళ్లు 1,000 దాటే ఉంటాయి. మీ దగ్గర మీటరు ఉంది కదా, బకెట్లో ముంచి చూడండి. ఆ నీళ్లు కుండీలో పోస్తే మొక్క నీళ్లు తాగుతుంది, కొంత ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది. మర్నాడు మళ్లీ పోస్తారు. 26 రోజుల్లో ఎంత చేరి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. కింది ఆకుల అంచులు మాడుతున్నాయని రాశారు చూశారా, అది ఆ ఉప్పు పనే.

ఈ తప్పు మీరొక్కరే చేయలేదు, నేనూ చేశాను. 2024 వేసవిలో బెంగళూరంతా నీళ్లకు కటకటలాడింది. తాగే నీళ్లతో కారు కడిగినా, మొక్కలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. అప్పుడు నేను కూడా మహా తెలివైనదాన్ని అనుకుని ఆర్ఓ వృథా నీళ్లు పట్టి కరివేపాకు కుండీకి పోయడం మొదలుపెట్టాను. మూడేళ్ల చెట్టు. రెండు నెలల్లో చిగుళ్లు నిమ్మపండు రంగుకు తిరిగాయి. దగ్గర్లోని నర్సరీకి ఆకు పట్టుకెళ్తే "బలం లేదు మేడమ్, డీఏపీ వేయండి" అన్నారు. వేశాను. ఆ ఎరువూ ఒక ఉప్పే, అంటే ఉప్పు మీద ఉప్పు. చెట్టు పోయింది. కుండీ బోర్లిస్తే లోపలి గోడ చుట్టూ తెల్లటి చార కట్టి ఉంది, వేలితో గీకితే పొడిగా రాలింది. మీ కుండీల అంచులు కూడా ఒకసారి గీకి చూడండి.

ఇక పసుపు సంగతి. మొక్కకు ఏదైనా తగ్గినప్పుడు ఎరువుల డబ్బా దగ్గరికి పరిగెత్తకుండా ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడాలి, పై ఆకా, కింది ఆకా అని. నత్రజని, మెగ్నీషియం లాంటివి మొక్క ఒంట్లో అటూ ఇటూ కదులుతాయి. అవి తక్కువైతే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి చిగురుకు పంపుకుంటుంది. ఇంట్లో బియ్యం తక్కువైతే పెద్దవాళ్లు పస్తుండి పిల్లలకు పెట్టినట్టు. అందుకే ఆ లోపాల్లో కింది ఆకులు ముందు పోతాయి. నత్రజని తగ్గితే ఆకు మొత్తం ఒకే రంగుకు వెలిసిపోతుంది. మెగ్నీషియం తగ్గితే కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపెక్కుతుంది. ఇనుము అలా కాదు, ఒక ఆకులో చేరిందంటే దాదాపు అక్కడే ఉండిపోతుంది. అది తక్కువైతే కొత్తగా వచ్చే చిగురే పస్తుంటుంది. పై ఆకులు పసుపు, వాటిలో ఈనెలు మాత్రం గీసినట్టు పచ్చగా. మీరు రాసింది అచ్చంగా ఇదే.

అయితే మీ కుండీలో ఇనుము లేక కాదు ఈ తంటా. వర్మీకంపోస్ట్‌లో ఈ చిన్న మొక్కకు సరిపడా ఉంటుంది. ఇక్కడి బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. టీ కాచే గిన్నెలో, గీజర్లో తెల్లగా పొరకట్టేది వాటివల్లే. రోజూ అవే నీళ్లు పోస్తుంటే కుండీలో పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) పైకి పోతుంది. పీహెచ్ 7.5 దాటితే ఇనుము ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు. కంచంలో అన్నం ఉంది, చేతులు కట్టేసి ఉన్నాయి. రాయలసీమలో సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో వేరుశనగ చేను పసుపు తిరిగేది కూడా ఇందుకే. అక్కడి రైతులు అన్నభేది పిచికారీ చేస్తారు. మీ ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే అన్నభేది అంటే చెబుతారు, ఫెర్రస్ సల్ఫేట్.

నేను చెప్పానని నమ్మేయకండి, పరీక్ష చేసి చూసుకోండి. పావు లీటరు మంచి నీళ్లలో, అంటే ఆర్ఓ తాగే నీళ్లలో, అర గ్రాము అన్నభేది, చిటికెడు నిమ్మఉప్పు కలపండి. నిమ్మఉప్పు ముందు వేసి, అది కరిగాక అన్నభేది వేయాలి, లేకపోతే నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మందు పనికిరాకుండా పోతుంది. ఆ నీళ్లలో ఇయర్‌బడ్ ముంచి, బాగా పసుపెక్కిన ఒక పై ఆకు తీసుకుని, నడి ఈనెకు ఒక పక్క మాత్రమే పైనా కిందా పూయండి. రెండో పక్క ముట్టుకోవద్దు. ఆ ఆకు కాడకు దారం కట్టుకోండి, లేకపోతే ఏ ఆకో మర్చిపోతారు. సాయంత్రం లైటు ఆపాక పూయడం మంచిది. నాలుగైదు రోజుల నుంచి వారంలోపు పూసిన పక్క పచ్చబడి, పూయని పక్క పసుపుగానే ఉంటే ఇక అనుమానం లేదు, ఇనుమే. ఒక్కోసారి బడ్ తగిలిన చోటల్లా పచ్చటి మచ్చలు వస్తాయి, చూడ్డానికి భలే సరదాగా ఉంటుంది. ఏ ల్యాబ్ రిపోర్టూ అంత నమ్మకంగా చెప్పదు, పైగా ఖర్చూ కొంచెమే.

రెండో పరీక్ష మీ మీటరుతో. కుండీకి నీళ్లు పోసి అరగంట ఆగండి. తర్వాత ఒక చిన్న గ్లాసు ఆర్ఓ తాగే నీళ్లు నెమ్మదిగా పైన పోసి, అడుగున కారే నీళ్లు పట్టి టీడీఎస్ చూడండి. 1,500 దాటిందంటే 26 రోజుల మొక్కకు అది సముద్రం కింద లెక్క.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మీ అపార్ట్‌మెంట్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందేమో కనుక్కోండి. ఇక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఉంటుంది. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి బదులుగా సోడియం పెడుతుంది. జుట్టుకు మంచిదే, మొక్కకు కాదు. తమాషా ఏమిటంటే టీడీఎస్ మీటరు ఈ తేడాని పట్టుకోలేదు, అంకె దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి ఆర్ఓ వృథా నీళ్లు మానేసి బాత్‌రూమ్ కుళాయి నీళ్లు పోస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. మెయింటెనెన్స్ వాళ్లని అడిగితే సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి ఎక్కడుందో చూపిస్తారు, మామూలుగా సంప్ దగ్గర ఉంటుంది.

మరి ఏ నీళ్లు పోయాలి? వాన నీళ్లు దొరికితే అంతకు మించింది లేదు. మొదటి పది నిమిషాల వాన వదిలేసి తర్వాతది పట్టండి. ఏసీ ఉంటే దాని పైపులో కారే నీళ్లూ బాగానే ఉంటాయి, వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు. ఈ రెండింట్లో ఏదైనా సగం, సాఫ్ట్‌నర్‌కి ముందరి ట్యాంకర్ నీళ్లు సగం కలపండి. అచ్చంగా ఏసీ నీళ్లే పోస్తే కోకోపీట్‌లో కాల్షియం చాలక ఇంకో పేచీ వస్తుంది, అందుకని కలపమంటున్నాను. ఏదీ దొరక్కపోతే ట్యాంకర్ నీళ్లే 5 లీటర్లకు ఒక నిమ్మకాయ పిండి పోయండి. ఆ పులుపు బైకార్బొనేట్‌ని విరుస్తుంది. ఇది శాశ్వత వైద్యం కాదు, ఉప్పునీ తీసేయదు, కానీ పీహెచ్ పెరగకుండా కొంత ఆపుతుంది.

కుండీలో ఇప్పటికే చేరిన ఉప్పు సంగతి మిగిలింది. తోటపని పుస్తకాలు తిరగేస్తే కుండీకి మూడు రెట్ల నీళ్లు పోసి కడగమంటాయి. 8 అంగుళాల కుండీ అంటే నాలుగైదు లీటర్లు పడుతుంది. తొమ్మిది కుండీలు కడగాలంటే వంద లీటర్ల పైమాట. డబ్బు పోసి ట్యాంకర్ కొనుక్కునే ఊళ్లో గోంగూర కోసం వంద లీటర్లు కిందికి వదలమని నేను చెప్పలేను. నేనైతే ఇలా చేస్తాను: బాగా ఉన్న మూడు మొక్కలు ఉంచుకుని, వాటిని వేళ్ల చుట్టూ ముద్ద చెదరకుండా కొత్త మిశ్రమంలోకి మారుస్తాను. గోంగూరకు తల్లివేరు లోతుగా పోతుంది, కదిలిస్తే అలుగుతుంది, అయినా ఈ వయసులో తట్టుకుంటుంది. మిగతావి పీకేసి మళ్లీ విత్తుతాను. మామిడి చెట్టా ఏమన్నా, నాలుగు వారాల్లో మళ్లీ ఇంతవుతుంది. ఊరి విత్తనాలు అయిపోయాయంటారా, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో కూరగాయల విత్తనాలు అమ్ముతారు, అటు వెళ్లినప్పుడు గోంగూర ఉందేమో అడిగి చూడండి.

కొత్త మిశ్రమంలో మట్టి ఉండాలి. బెంగళూరు చుట్టుపక్కల దొరికే ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు. మట్టి నీళ్లలోని తేడాల్ని కొంత భరిస్తుంది, ఒట్టి కోకోపీట్‌కి ఆ ఓపిక లేదు. గోంగూర గట్టు మీద పడ్డా మొలిచే మొక్క, దానికి మట్టి లేకుండా పెంచే ఈ హైడ్రోపోనిక్స్ మర్యాదలు ఎందుకు చెప్పండి. కోకోపీట్ ఇటుకని మాత్రం వాడేముందు రెండు మూడుసార్లు నానబెట్టి పిండండి. కొబ్బరి పీచులోనే సహజంగా ఉప్పులు ఉంటాయి. మొదటిసారి పిండిన నీళ్లు కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి, వాటిని పారబోయాలి.

ఇయర్‌బడ్ పరీక్షలో ఇనుమే అని తేలితే, ఉంచుకున్న మూడు మొక్కలకు అదే అన్నభేది లీటరుకు 2 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి వారానికోసారి, రెండు సార్లు పిచికారీ చేయండి. పొలంలో లీటరుకు 5 గ్రాముల దాకా కొడతారు, ఇవి పసిమొక్కలు కాబట్టి తగ్గించి చెబుతున్నాను. పాత పసుపు ఆకులు పూర్తిగా మారకపోవచ్చు, కొత్త చిగురు రంగు చూడండి. కొట్టిన ఆకుల్ని మాత్రం పచ్చడికి కోయవద్దు, తర్వాత వచ్చే ఆకులు తినండి.

పది రోజుల్లో మీరు చేసిన వైద్యాల జాబితా చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. జ్వరం వచ్చిన పిల్లాడికి వీధిలో వాళ్లందరూ తలో మాత్రా వేసినట్టుంది. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపానికి, అది కింది ఆకుల్లో కనబడాలి, మీకు కనబడలేదు. 19:19:19 మంచి ఎరువే, కానీ అదీ ఉప్పే. దాహంతో ఉన్నవాడికి ఆవకాయ పెట్టినట్టయింది. మూడు వారాలు ఏ ఎరువూ వేయకండి. తర్వాత కావాలంటే లీటరుకు 1 గ్రాము, వారానికోసారి, అంతే. వేపనూనె కొట్టి వెంటనే లైటు వేస్తే ఆకు మీద కాలిన మచ్చలు పడతాయి, అదీ గుర్తుంచుకోండి.

పింగాణీ కుండీ మొక్క వ్యవహారం వేరని మీరే సరిగ్గా పట్టారు. దాని అడుగున చిల్లు ఉందా? ఉండదని నా పందెం. అందంగా ఉందని కొన్న కుండీలకు చిల్లు ఉండదు. కిటికీ పక్కన రాత్రి చలి, కింద నిలిచిన నీళ్లు, ఆరని కోకోపీట్. వేళ్లకు గాలి లేక కుళ్లడం మొదలైతే కింది ఆకులు మొత్తంగా పసుపై రాలతాయి. మొక్కని మెల్లగా పైకి తీసి వేళ్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే బతుకుతుంది. గోధుమ రంగులో మెత్తగా ఉండి, మురుగు కాలవ వాసన వస్తే దాని మీద ఆశ వదులుకోండి. కుండీ చుట్టూ సన్నటి నల్ల దోమలు ఎగురుతున్నా నీళ్లు ఎక్కువయ్యాయనే అర్థం. ఇకమీదట వేలు రెండు కణుపుల దాకా దించి, తడి తగలకపోతేనే నీళ్లు పోయండి. టైమ్ టేబుల్ పెట్టుకుని పోయకండి.

పురుగుల సంగతి కూడా తేల్చుకోవాలి. ఆకు తిప్పి ఫోన్ టార్చి వేయండి. తెల్ల కాగితం మీద ఆకుని తట్టితే నడిచే చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. దూది పెట్టినట్టుంటే పిండినల్లి. ఇంకొకటుంది, అది అన్నిటికన్నా ముఖ్యం: పల్లాకు తెగులు. తెల్లదోమ తెచ్చే వైరస్ అది, గోగు జాతికి బాగా వస్తుంది. అందులో రంగులు తారుమారవుతాయి. ఇనుము లోపంలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే, ఈ తెగుల్లో ముందు ఈనెలే పసుపెక్కి వల అల్లినట్టు కనిపిస్తాయి. మీది అది కాదని మీ వర్ణనే చెబుతోంది. ఎప్పుడైనా అలా కనిపిస్తే మాత్రం దానికి మందు లేదు, ఆ మొక్క పీకి కవర్లో కట్టి పారేయడమే.

ఇక మీ ఎదురింటి ఆంటీ. ఆమెను తప్పుపట్టకండి. గోంగూర పేరుతో మనం తినేవి రెండు జాతులు, అందులో ఒకదాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. గంజాయి పేరు కన్నాబిస్ సటైవా. ఆకు పోలిక వల్లే ఆ పేరు పెట్టారు. అంటే పోలిక పెట్టినవాళ్లలో ఆంటీ మొదటివారేం కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒకప్పుడు నార కోసం ఎకరాలకెకరాలు వేసిన గోగు కూడా ఈ జాతులే, ఆమదాలవలసలో దీని మీద పరిశోధన కేంద్రం కూడా ఉంది. ఆకు పట్టుకుని చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. గోంగూర ఆకు ఎంత లోతుగా చీలినా అడుగున అంతా ఒకే రేకుగా కలిసి ఉంటుంది. గంజాయిలో ఒక్కో వేలూ విడి ఆకులా కాడ దాకా వేరుగా ఉంటుంది, అంచులన్నీ రంపపు పళ్లు. అన్నిటికన్నా తేలిక పరీక్ష, ఒక ఆకు తుంచి ఆవిడ చేతిలో పెట్టి నమలమనడం. పులుపు తగిలాక ఇంకేం మాట్లాడతారు. ఆవిడది ఉత్తర కర్ణాటక అయితే "అయ్యో, పుండి సొప్పా!" అని ఆవిడే మీకు కూర చెప్పడం మొదలుపెడతారు.

అన్నట్టు, గంజాయి మొక్క ఒక్కటి కుండీలో పెంచినా మన దేశంలో నేరమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అదే అయి ఉంటే నేను ఈ సమాధానం రాసేదాన్నే కాదు. మీది గోంగూర కాబట్టి భయమేమీ వద్దు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరైనా ఏదైనా పెట్టేలోపు మీరే మొక్కల ఫొటో పెట్టి "మా గోంగూర పసుపెక్కింది, ఎవరికైనా తెలుసా?" అని అడిగేయండి. ఇరవై సలహాలు వస్తాయి. ఒక్కటీ పాటించకండి.

ఆ ఊదా లైటు మాత్రం మార్చండి. ఆంటీ కోసం కాదు, ఆకు అసలు రంగు మీకు కనబడడం కోసం. మామూలు తెల్ల ఎల్ఈడీ కింద కూడా ఆకుకూర చక్కగా పెరుగుతుంది. మొక్క తలకి ఒక అడుగు పైన ఉంచి, రోజుకు 14 గంటలు వేస్తే చాలు. పగలు తగ్గితే పూతకు పోయే మొక్క ఇది, కాబట్టి ఆకు కావాలంటే మరీ తగ్గించకండి. లైటు దగ్గరగా ఉంటే పై ఆకులు ఈనెలతో సహా తెల్లగా పాలిపోతాయి, దాన్ని చూసి మళ్లీ ఇనుము అనుకోవద్దు.

దారం కట్టిన ఆ ఆకుని ఐదో రోజున ఫొటో తీసి పంపండి, పూసిన పక్క, పూయని పక్క రెండూ కనబడేలా. కుండీని బాల్కనీలోకి తెచ్చి పగటి వెలుగులో తీయండి. ఊదా లైటు కింద తీస్తే పచ్చాకు కూడా నల్లగానే కనబడుతుంది, నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.